డబ్బింగ్ థియేటర్‌లో రాజుకునే ప్రేమ: ఇద్దరు ఆడవాళ్ల ‘స్లో బర్న్’ నవల ఎలా రాయాలి

రంపపు పొట్టు పొయ్యి చూసినవాళ్లకు స్లో బర్న్, అంటే నెమ్మదిగా రాజుకునే ప్రేమకథ, ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు దట్టిస్తారు. సీసా మెల్లగా లాగేసి కింది బెజ్జంలోంచి అంటిస్తారు. పొట్టు వదులుగా ఉంటే భగ్గున మండి కూలిపోతుంది, గట్టిగా దట్టిస్తే పూటంతా కాలుతుంది. ప్రేమకథలో దట్టించాల్సిన పొట్టు ఇద్దరి పని. రోజూ ఏం చేస్తారు, ఎవరి అవకాశం ఎవరి చేతిలో ఉంది, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు అన్నవి రాసేవాళ్లకు ముందే తెలిసి ఉండాలి. అవి తెలియకుండా మొదలుపెడితే పదో అధ్యాయంలోనే ముద్దు పెట్టించాల్సి వస్తుంది, ఎందుకంటే అప్పటికి రాయడానికి ఇంకేమీ మిగలదు.

ముందు జంట

సినిమా నేపథ్యం అనగానే చాలామంది ఇద్దరు హీరోయిన్లను తీసుకుంటారు. తెలుగు కమర్షియల్ సినిమాలో ఇద్దరు హీరోయిన్లున్నా ఇద్దరికీ సీన్లు హీరోతోనే. ఒకే రోజు కాల్షీట్‌లో ఇద్దరి పేర్లూ పడటమే తక్కువ. ప్రతి కలయికకూ సాకు వెతుక్కోవాలి.

దర్శకురాలు, కొత్త నటి అన్న జంట ఇంకా చిక్కు. ఒకరి బతుకు మరొకరి చేతిలో ఉన్నప్పుడు చిన్నదాని ‘సరే’ నిజంగా సరేనా అన్న అనుమానం పాఠకుల్ని చివరిదాకా వదలదు. 2024 ఆగస్టులో మలయాళ సినిమాలో ఆడవాళ్ల మీద వేధింపుల గురించి కేరళ జస్టిస్ హేమ కమిటీ నివేదిక బయటికొచ్చాక మరీను. ఆ కథ రాయవచ్చు. కానీ అప్పుడు అధికారమే కథ అవుతుంది, ప్రేమ దాని వెనక నిలబడుతుంది.

మేకప్ ఆర్టిస్ట్, నటి జంట బాగుంటుంది గానీ సంవత్సరం చూసుకోండి. ముంబైలో మేకప్, హెయిర్ కళాకారుల సంఘం దశాబ్దాల పాటు ఆడవాళ్లకు మేకప్ ఆర్టిస్టుగా సభ్యత్వ కార్డే ఇవ్వలేదు, హెయిర్ డ్రెస్సర్‌గా మాత్రమే ఒప్పుకునేది. 2014 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదంది. 1995 నాటి కథలో మీ నాయిక బాలీవుడ్ సెట్లో దర్జాగా మేకప్ కిట్ తెరిచిందంటే తెలిసినవాళ్లు పుస్తకం మూసేస్తారు.

ఇక్కడ చూపించే జంట వేరు. వసుధ, 33 ఏళ్లు, యూసుఫ్‌గూడలో అద్దెకుంటున్న డబ్బింగ్ ఆర్టిస్ట్. ఇషా, 26 ఏళ్లు, ముంబై నుంచి వచ్చిన హీరోయిన్, తెలుగు రాదు. తెర మీద ఇషా పెదవులు, వసుధ గొంతు. ఈ అమరిక తెలుగు సినిమాలో ఎన్నో ఏళ్లుగా మామూలు విషయం. నవలకు దీని విలువ మరొకటి. ఇషా తెలుగు నేర్చుకుని తన డబ్బింగ్ తనే చెప్పుకుంటే వసుధకు ఆ పని పోతుంది. ఆ తెలుగు నేర్పేది వసుధే. కూర్చున్న కొమ్మ నరుక్కుంటున్నానని తెలిసీ ‘ళ’ ఎలా పలకాలో నేర్పే మనిషి మీ చేతికి దొరికాక విలన్ అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. బతికున్న ఏ నటీ, ఏ డబ్బింగ్ ఆర్టిస్టూ గుర్తొచ్చేలా రాయకండి. ఊరు, మొదటి సినిమా, హిట్టయిన పాట, పెళ్లి కబుర్లు, వీటిలో రెండు కలిసినా ఫలానా ఆవిడే అనేస్తారు.

థియేటర్ లోపల ఏం జరుగుతుంది

ఈ భాగం మీద ఎక్కువ సమయం పెట్టండి. కథ సగం ఇక్కడే ఉంది.

సెట్లో మాటలు రికార్డవుతాయి, దాన్నే పైలట్ ట్రాక్ అంటారు. అందులో జనరేటర్ మోత ఉంటుంది, ఫ్యాన్ చప్పుడు ఉంటుంది, కెమెరా పక్క నుంచి అసిస్టెంట్ డైరెక్టర్ డైలాగు అందిస్తున్న గొంతు ఉంటుంది. ఎడిటింగ్ అయ్యాక డబ్బింగ్ థియేటర్‌లో తెర మీద బొమ్మ చూస్తూ, హెడ్‌ఫోన్‌లో ఆ పైలట్ వింటూ, మైకు ముందు నిలబడి డైలాగు మళ్లీ చెబుతారు. అద్దం అవతల సౌండ్ ఇంజనీర్, పక్కన డబ్బింగ్ ఇన్‌చార్జ్. వాళ్లు లోపలికి మాట్లాడే టాక్‌బ్యాక్‌లో ‘వన్ మోర్’ అని వినిపిస్తుంది. లోపల వసుధ ఒక్కతే. హీరో డైలాగుకు హీరో ఉండడు, అతను వేరే రోజు వచ్చి చెప్పి వెళ్తాడు. ‘నువ్వు లేకపోతే నేను లేను’ అన్న మాటను వసుధ ఖాళీ గదిలో, ఇషా ముఖం చూస్తూ చెబుతుంది. ఇంతకంటే మంచి మొదటి అధ్యాయం దొరకదు.

అందులోనూ అసలు నిధి పైలట్ ట్రాకే. బయట ప్రపంచానికి ఇషా అసలు గొంతు తెలియదు. వసుధకు తెలుసు. ‘కళ్లు’ అనలేక ‘కల్లు’ అనడం, డైలాగు మరిచిపోయి నాలుక కరుచుకోవడం, ‘కట్’ అన్నాక వదిలే నిట్టూర్పు, అన్నీ విని ఉంటుంది. మనిషిని కలవకముందే ఆమె ఊపిరి ఎక్కడ తెగుతుందో నేర్చుకుంది, ఎందుకంటే అది ఆమె ఉద్యోగం. మొదటి ఆరు అధ్యాయాలు దీనితోనే నడపండి. ఇద్దర్నీ కలపకండి.

పెదవుల సంగతి సరిగ్గా రాయాలి. ప, ఫ, బ, భ, మ పలికేటప్పుడు పెదవులు మూసుకుంటాయి, తెర మీద అది దాచలేరు. సెట్లో ‘పెళ్లి’ అని చెప్పిన చోట డబ్బింగ్‌లో మాట మార్చాలంటే ‘వివాహం’ కుదరదు, మొదట్లో పెదవులు కలవవు. ‘మనువు’ కుదురుతుంది. పెదవులు కలుస్తాయి, మూడు మాత్రలకు మూడు మాత్రలూ సరిపోతాయి. ఇలాంటి ఒక్క సవరణను వసుధ చేత అక్కడికక్కడ చెప్పించండి. ఆమె పనిమంతురాలని మీరు మళ్లీ చెప్పక్కర్లేదు.

చిన్న వివరాలు కొన్ని: గాజులు, పట్టీలు తీసి లోపలికి వెళ్తారు. గంజి పెట్టిన చీర, పట్టుచీర కట్టుకోరు, మైకుకు గరగర వినిపిస్తుంది. ఖాళీ కడుపు కూసినా రికార్డవుతుంది. ఏడుపు సీన్లు, అరుపులు రోజు చివరికి పెట్టుకుంటారు, గొంతు ముందే పోతే మిగతావి చెప్పలేరు కాబట్టి. నవ్వులు, నిట్టూర్పులు, ఉలికిపాట్లు విడిగా తీస్తారు. ఇషా కొండ ఎక్కే సీనుకు వసుధ నిలబడ్డచోటే ఆయాసపడాలి. వీటన్నిటినీ ఒకేచోట కుమ్మరించకండి, అధ్యాయానికి ఒకటి చాలు. సింక్ సౌండ్‌లో తీసే సినిమాల్లో చాలావరకు సెట్లో మాటలే ఉంచేస్తారు కాబట్టి మీ సినిమా అలాంటిది కాదని ముందే ఒక మాట అనిపించండి.

వాళ్లను కలపడం

నిజానికి హీరోయిన్, ఆమెకు గొంతిచ్చే ఆర్టిస్ట్ ఒకరినొకరు చూడకుండానే సినిమా విడుదలైపోవచ్చు. డబ్బింగ్ జరిగే వేళకు హీరోయిన్ వేరే సినిమా సెట్లో ఉంటుంది. కాబట్టి కలయికకు కారణం పని లోంచే పుట్టాలి. ఈ నవలకు సరిపోయేది: రెండో సినిమాకు ఇషా సొంత గొంతు ప్రయత్నిద్దామని దర్శకుడు అంటాడు. ఒక రీలు చెప్పించి చూస్తారు, బాగా రాదు. ఉచ్చారణ నేర్పడానికి వసుధను పిలుస్తారు. కాఫీ ఒలకబోసుకోవడాలు, లిఫ్ట్‌లో ఇరుక్కోవడాలు వద్దు.

హీరోయిన్ల వెంట తల్లి సెట్‌కు రావడం ఈ పరిశ్రమలో పాత అలవాటు. ఇషా తల్లిని కూడా మానిటర్ పక్క కుర్చీలో కూర్చోబెట్టండి. ఆవిడ కళ్లు మగవాళ్ల మీదే ఉంటాయి. వసుధ వస్తే తనే లేచి, ‘మా అమ్మాయి రూములో ఉంది, వెళ్లు’ అని పంపుతుంది.

మీరు, నువ్వు, ఏదీ కానిది

తెలుగులో ఇద్దరి మధ్య దూరం క్రియాపదం చివర కనిపిస్తుంది. మన భాషలో స్లో బర్న్ రాసేవాళ్లకు ఇంతకంటే పదునైన పనిముట్టు లేదు. దీన్ని మెట్లుగా వేసుకోండి.

ఇషా తెలుగు నేర్చుకున్నది డైలాగు కాగితాల నుంచి. హీరోతో హీరోయిన్ మాట్లాడేదంతా ‘నువ్వు’. అందుకే మొదటిరోజే అందరి ముందూ ‘వసుధా, నువ్వు చెప్పు’ అంటుంది. ఇంజనీర్ నవ్వు ఆపుకుంటాడు. నిర్మాతను కూడా అలాగే అని ఉంటుంది, అది వేరే కామెడీ. వసుధ మాత్రం ‘మీరు’, ‘మేడమ్’ దాటదు.

తర్వాత వసుధే ఆమెకు ‘మీరు’ నేర్పుతుంది, పని కాబట్టి. మర్నాడు ఇషా ఎంతో శ్రద్ధగా, ఒత్తులు సరిచూసుకుంటూ, ‘మీరు భోజనం చేశారా?’ అంటుంది. తప్పు లేని వాక్యం. వసుధకు ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది, ఎందుకో తనకే తెలియదు. ఇక్కడ ఆమె మనసు విప్పి చెప్పకండి. ‘చేశాను మేడమ్’ అనిపించి పేరా ముగించండి.

మూడో మెట్టు అన్నిటికంటే పొడుగు, అన్నిటికంటే తియ్యన. ‘మీరు’ అంటే దూరం, ‘నువ్వు’ అంటే చొరవ అనిపించినప్పుడు తెలుగువాళ్లు ఏం చేస్తారు? రెండూ తప్పించేస్తారు. ‘తిన్నావా’ కాదు, ‘తిన్నారా’ కాదు, ‘భోజనం అయిందా?’. ‘వెళ్తున్నావా’ అనరు, ‘బయల్దేరడమేనా?’. ‘కాఫీ తాగుదామా?’, ‘ఇక్కడ కూర్చుంటే గాలి వస్తుంది’. ఇద్దరూ ఇలా ఆరు అధ్యాయాలు తప్పించుకుంటూ మాట్లాడితే చదివేవాళ్లు దేనికోసం ఎదురుచూస్తున్నారో వాళ్లకే తెలిసిపోతుంది.

ఆ తర్వాత ఒక్క జారుడు. వర్షంలో కేబుళ్ల మీద కాలు వేయబోతుంటే వసుధ నోట, ‘చూసుకో, పడతావ్!’. అంతే. క్షమాపణ వద్దు, కళ్లలో కళ్లు పెట్టుకోవడం వద్దు, సీను తన దారిన సాగిపోవాలి. ఇషా ఆ మాట గుర్తుపెట్టుకుందని రెండు అధ్యాయాల తర్వాత తెలియాలి.

చివరికి ఇషా తెలిసి ‘నువ్వు’ అంటుంది. మొదటి రోజు అన్న అదే మాట, ‘నువ్వు చెప్పు’. అప్పుడు భాష రాక అంది, ఇప్పుడు వచ్చి అంటోంది. ఈ రెండు చోట్లా వాక్యం అక్షరం మారకుండా ఉండాలి.

‘అక్కా’ గురించి ఒక మాట. యూనిట్లో వయసులో పెద్దయిన ఆడవాళ్లందరూ అక్కలే, కాకపోతే మేడమ్‌లు. ఇషా నోట ‘అక్కా’ పడిందా, కథ చెల్లెలి వైపు తిరుగుతుంది. పడనివ్వకండి. లేదా ఒకసారి పడనిచ్చి వసుధ చేత ‘అక్క వద్దు, పేరు పెట్టి పిలవండి’ అనిపించండి. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని మర్యాద అనుకుంటారు. ఆ మాట ఎంత పెద్దదో వసుధకు రాత్రి పడుకున్నాక తెలుస్తుంది.

ఇద్దరూ ‘ఆమె’ అయినప్పుడు

కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడ. ‘ఆమె ఆమె చేయి పట్టుకుంది. ఆమె తల తిప్పుకుంది.’ ఎవరు ఎవరి చేయి పట్టుకున్నారో దేవుడికెరుక. మగ, ఆడ కథల్లో ‘అతను పట్టుకున్నాడు, ఆమె తిప్పుకుంది’ అని క్రియే పని చేసిపెడుతుంది. ఇక్కడ రెండు చోట్లా ‘-ంది’.

మార్గాలు మూడు. సులువైనది ఉత్తమ పురుష: ‘నేను చూశాను, నవ్వింది’ అంటే సర్వనామం కూడా అక్కర్లేదు. రెండోది, ఎవరి కళ్లతో కథ చూస్తున్నామో ఆమెకు ‘తను’, రెండో ఆమెకు పేరు లేదా ‘ఆమె’, ఈ రెంటినీ నవలంతా కలపకపోవడం. మూడోది కొంచెం నేర్పు కావాలి: పెద్దావిడకు కథనంలోనూ గౌరవవాచకం. సీనియర్ నటి, కుర్ర అసిస్టెంట్ డైరెక్టర్ జంట అయితే ‘ఆవిడ నవ్వారు, స్వాతి తల దించుకుంది’ అని నడపవచ్చు. ఏ రోజున కథనం ‘నవ్వారు’ నుంచి ‘నవ్వింది’కి దిగుతుందో ఆ రోజే వాళ్ల ప్రేమ మొదలైందని పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. కానీ దిగిన మరుక్షణం నుంచి మళ్లీ రెండూ ‘-ంది’ అవుతాయి కాబట్టి అక్కడి నుంచి పేర్లు పెంచండి.

స్పర్శ

మన ఊళ్లలో ఇద్దరు ఆడవాళ్లు చేతులు పట్టుకుని నడుస్తారు, జడలు వేసుకుంటారు, ఒకే మంచం మీద పడుకుంటారు. ఎవరూ తిరిగి చూడరు. అందుకే మగ, ఆడ ప్రేమకథల్లో మైలురాళ్లయ్యే స్పర్శలు ఇక్కడ లెక్కలోకి రావు. ఎనిమిదో అధ్యాయంలో చేయి తగిలిందని గుండె ఝల్లుమనిపిస్తే అబద్ధంలా ఉంటుంది.

ఒకే స్పర్శను రెండుసార్లు రాయండి. పదో అధ్యాయంలో వసుధ ఇషా జడలో పూలు తురిమితే అది పూలు తురమడమే, ఒక్క వాక్యం. ఇరవయ్యో అధ్యాయంలో అదే పని చేస్తూ పిన్ను ఎక్కడ గుచ్చాలో తెలియక చేయి ఆగిపోతే, అక్కడ అరపేజీ ఇవ్వండి. హీరోయిన్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. పొద్దున్నుంచి టచప్ వాళ్లు, హెయిర్ వాళ్లు, కాస్ట్యూమ్ వాళ్లు అడక్కుండానే ఆమెను ముట్టుకుంటూ ఉంటారు, అది పని. రోజంతా తనను ముట్టుకోకుండా ఎదురుగా కూర్చుని గొంతుతోనే పని చేసే మనిషి ఆమెకు వసుధ ఒక్కతే.

కొలతలు

36 అధ్యాయాలు, ఒక్కొక్కటి 1,700 పదాలు, మొత్తం 61,200. సీరియల్‌గా పెట్టినా పుస్తకంగా వేసినా సరిపోతుంది. 1 నుంచి 6 వరకు గొంతు మాత్రమే. 7లో ముఖాముఖి. 14 దాకా పాఠాలు, 20 దాకా తప్పించుకునే మాటలు, 21లో ఆ జారుడు. 22 నుంచి 27 వరకు రెండో సినిమా డబ్బింగ్, వసుధ పని పోయే గొడవ. 28లో మాట బయటపడుతుంది. మిగతా ఎనిమిదీ ఆ తర్వాత సంగతి. చాలామంది ముద్దు దగ్గర శుభం కార్డు వేసేస్తారు. అన్ని పేజీలు ఓపిక పట్టినవాళ్లకు ఆ ఇద్దరూ కలిసి కూరగాయలు కొనడం కూడా చూడాలని ఉంటుంది.

ఈ కథలు చచ్చిపోయేది 8 నుంచి 20 మధ్య. దగ్గరవుతారు, దూరమవుతారు, మళ్లీ దగ్గరవుతారు, ఏమీ మారదు. అధ్యాయం ముగిసేసరికి వెనక్కి తీసుకోలేనిది ఒకటి మారాలి: ఒక అబద్ధం తెలియాలి, ఒక అప్పు పడాలి, ఒకరి ఇల్లు మరొకరు చూడాలి. అధ్యాయాన్ని పీకేసి చదవండి. తర్వాతిది అర్థమైతే పీకేసింది అనవసరం. సగం విన్న ఫోన్ కాల్‌తో అపార్థం తెచ్చి నాలుగు అధ్యాయాలు లాగడం మాత్రం వద్దు. ఈ ఇద్దరిలో ఒకరి వృత్తే మాటలు సరిగ్గా వినడం.

అడ్డంకులు, తేదీలు

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377 సెక్షన్‌ను పెద్దవాళ్ల పరస్పర ఇష్టానికి వర్తించకుండా చేసింది. ఆ తర్వాత జరిగే కథలో ‘జైల్లో పెడతారు’ అన్న భయాన్ని తెలిసిన పాత్ర నోట పెట్టకండి. 2023 అక్టోబరు 17న అదే కోర్టు ఇలాంటి జంటల పెళ్లి హక్కును గుర్తించడానికి ఒప్పుకోలేదు, కాబట్టి రిజిస్టరు ఆఫీసులో సంతకాలతో ముగించలేరు. జాయింట్ అకౌంటు తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. బ్యాంకు కౌంటర్ దగ్గర ‘సంబంధం’ అన్న గడి ముందు పెన్ను ఆగే సీను పెళ్లి సీను కంటే ఈ ఇద్దరికీ బాగా నప్పుతుంది. స్థలాల తేదీలు కూడా చూసుకోండి. 2019 మార్చికి ముందు వసుధను యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కించలేరు.

అద్దె ఇంటి ఓనరు అభ్యంతరం చెప్పడు. ‘ఇద్దరు ఆడపిల్లలేగా’ అంటాడు. ఆ మాట వాళ్లను కాపాడుతుంది, లేనట్టూ చేస్తుంది. అసలు ఒత్తిడి వేరే చోట నుంచి రావాలి: వసుధ ఇంట్లో సంబంధాలు, ఇషా మేనేజర్, ఆమెకు డబ్బిచ్చే నగల కంపెనీ ప్రకటన.

పేర్ల విషయం. ‘స్వలింగ సంపర్కులు’ అన్నది వార్తల భాష, మనుషుల నోట పెట్టకండి. ముంబై పిల్ల ఇషాకు ‘క్వియర్’ అన్న మాట తెలిసి ఉంటుంది. వసుధకు తన గురించి చెప్పుకోవడానికి ‘నాకు పెళ్లి మీద ధ్యాస లేదు’ అన్న వాక్యం తప్ప ఏమీ ఉండకపోవచ్చు. అలాగని హైదరాబాద్‌ను అమాయకంగా చూపించకండి. ఇక్కడ 2013 నుంచే ప్రైడ్ యాత్ర నడుస్తోంది.

ముగింపులో ఎవర్నీ చంపకండి, బలవంతపు పెళ్లి చేసి పంపకండి. ఆడవాళ్ల ప్రేమకథలు అలా ముగిసి ముగిసి చదివేవాళ్లు విసిగిపోయారు. వసుధ పని సంగతి మాత్రం తేల్చాలి. డబ్బింగ్ ఇన్‌చార్జ్ కావచ్చు, టైటిల్స్‌లో పేరు పడవచ్చు. కానీ అది ఇషా సిఫారసు మీద రాకూడదు. వస్తే మొదట్లో వద్దనుకున్న దర్శకురాలు, కొత్త నటి కథలోకే మళ్లీ పడతారు.

చిత్తుప్రతి పూర్తయ్యాక

సంభాషణలన్నీ పైకి చదవండి, ఒకరి మాటలు మరొకరికి మార్చి చూడండి. మార్చినా తేడా తెలియకపోతే ఇద్దరిదీ రాసినవాళ్ల గొంతే. తర్వాత ఫైలులో ‘నువ్వు’ అని వెతకండి. ఏడో అధ్యాయంలో ఇషా భాష రాక అన్నవి, తెర మీది డైలాగులు, పక్క పాత్రల మాటలు పోగా, ఈ ఇద్దరి మధ్య 21కి ముందు ఒక్కటీ మిగలకూడదు. ‘నువ్వు’ ఒక్కటే వెతికితే చాలదు. ‘నీ’, ‘నీకు’, ‘నీతో’ కూడా వెతకండి. ఇవి తీసేసినా క్రియ చివర ‘-వు’, ‘-వ్’ దాక్కుని ఉంటాయి, ‘వస్తావా’, ‘చెప్పావ్’ లాగా. ఆ మాటలు వెతికితే ఇవి దొరకవు, కళ్లతోనే ఏరాలి.